శల్యుని వాగ్దానము

మహాభారతమునందు సత్యవాక్యపరిపాలనమునకుఁ బేరుగన్నవారు పలువురు గలరు. వారిలో శల్యుని పేరు నెవ్వరును జెప్పరు. చెప్పకపోవుటకుఁ గారణము లేకపోలేదు. అతఁ డొకనికి మాట యిచ్చి, ఆ మాట చెల్లింపఁబోవుచు, నడుమ దానికి విరుద్ధముగా వేఱొకనికి మాట యిచ్చెను, రెండును జెల్లించెను. ఇతనిని సత్యవంతుఁ డనవలెనా, అసత్యవాది యనవలెనా? వంచనచేఁ గొనఁబడిన వాగ్దానము, అందును దప్పుపనికిఁ దోడ్పడవలసిన వాగ్దానము, చెల్లింపఁదగినదా? ఈ ప్రశ్నములు రెండును వేఱుగాఁ గనఁబడుచున్నను, రెండవదానికిఁ జెప్పు సమాధానమును బట్టియే మొదటిదానికి సమాధానము దొరకును. ఆ విచారమే యీ వ్యాసమునకు విషయము.

ఉద్యోగపర్వారంభమునఁ గథ యిట్లున్నది. మద్రాధిపతి యగు శల్యుఁడు మాద్రికి సోదరుఁడు, నకులసహదేవులకు మేనమామ. పాండవులకుఁ దోడ్పడ నెంచి, కొడుకులతోడను మహాసైన్యముతోడను బయలుదేఱెను. దుర్యోధనుఁ డా వార్త విని దారిపొడవున విడిదిసభలు గట్టించి, అన్నపానములును మాల్యములును సమకూర్పించి, బావులు త్రవ్వించి, పరిచారకులను నియమించి, తాను మఱుఁగున నుండెను. దేవతలకువలె జరిగిన యా పూజలకు శల్యుఁ డుబ్బిపోయి, ఇది యంతయు యుధిష్ఠిరుని మనుష్యుల పని యని తలఁచి, వారికిఁ బారితోషికమీయ వారిని బిలువుఁడని చెప్పెను. ప్రాణము నైన నిచ్చునంత సంతోషమున నతఁ డున్న సమయమున దుర్యోధనుఁడు బయలుపడెను. శల్యుఁ డతనిఁ జూచి, ఆ ప్రయత్న మతనిదని యెఱిఁగి, కౌఁగిలించుకొని, ఇష్టమైనదానిని గైకొమ్మనెను. తన సర్వసైన్యమునకును నాయకుఁడు గావలె నని దుర్యోధనుఁడు కోరెను. శల్యుఁ డొప్పుకొనెను. తరువాత నుపప్లావ్యమునకుఁ బోయి జరిగినదంతయు ధర్మరాజునకుఁ జెప్పెను. ధర్మరాజు మాట నిలుపుకొనుట లెస్స యని మెచ్చి, తన కొఱకు నొక్క పని చేయుమనెను. కర్ణార్జునులకు ద్వంద్వయుద్ధము తటస్థించినపుడు కర్ణునకు శల్యుఁడే సారథి యగును. అపు డర్జునుని గాపాడవలెను, కర్ణునకుఁ దేజోవధము చేయవలెను. శల్యుఁ డిందులకును ఒప్పుకొనెను.

శల్యునిగూర్చి లోకమున రెండభిప్రాయములు గలవు. కొందఱు, అతఁడు వంచితుఁడు, పాపము, మాటకుఁ గట్టుపడినవాఁడు, మేనల్లురమీఁది ప్రేమచేత వారికి నుపకరించినాఁడు, అతని యందు దోషము లేదందురు. మఱికొందఱు, అతఁడు విందునకు లోఁబడిన దుర్బలుఁడు, ఇరువంకల మాటలాడిన కపటి యందురు. మొదటివారు వంచన నెక్కువగాఁ జూచి శల్యుని చేష్టను దక్కువగాఁ జూచినారు. రెండవవారు శల్యుని చేష్టను జూచి, అందలి క్రమమును జూడలేదు. గ్రంథము నడిచిన వరుసను బట్టి విచారించినచో నీ రెండును సరిపడవు.

మొదటఁ జూడవలసినది వంచన యేయెడ నున్నదన్నది. సామాన్యముగాఁ గథకులు, శల్యుఁడు పాండవుల విం దనుకొని వరమిచ్చి, తరువాత నది దుర్యోధనునిదని తెలిసికొనినట్లు చెప్పుదురు. మూలమున నట్లు లేదు. దుర్యోధనుఁడు కనఁబడిన తరువాతనే, శ్రమ యెవ్వరిదో తెలిసిన తరువాతనే, శల్యుఁడు వరమిచ్చెను. కావున విందు వంచన. వరము వంచన కాదు. కాని వంచనవలనఁ బుట్టిన సంతోషము వంచన తెలియఁగానే చల్లాఱలేదు. ఎవ్వరి విం దనుకొని యుబ్బెనో వారు గారని తెలిసినను ఉబ్బు మిగిలినది. ఆ మిగిలిన యుబ్బే వరమిచ్చినది. మోసగాని నేర్పెల్ల నిందే యున్నది. అతఁడు మనచేతఁ దెలియక చేయించునది కొంచెము. తెలిసిన తరువాత మన మొడలి వేఁడిమిచేతఁ జేయునది పెక్కు. వరమడుగునప్పుడు దుర్యోధనుని మొదటిమాట, శల్యుఁడు సత్యవాక్కు గావలె నన్నది. సత్యమును మొట్టమొదటఁ బేర్కొన్నవాఁడు వంచకుఁడే యగుట గమనింపఁదగినది.

ఇఁక వ్యాకరణమునుబట్టి యొక మాట. వాగ్దానము చేయుట యను నర్థమున సంస్కృతమునందు శ్రు ధాతువు ప్రతిపూర్వకముగాఁ గాని ఆఙ్పూర్వకముగాఁ గాని ప్రయోగింపఁబడును. శ్రు వనఁగా వినుట. వినుట యొప్పుకొనుట యెట్లయ్యెను? పాణిని కారకప్రకరణమున నిట్టి ప్రయోగమునందు, పూర్వక్రియకుఁ గర్త యైనవాఁడు సంప్రదాన మగునని విధించినాఁడు. పూర్వక్రియ యనఁగా యాచనము. ముందొకఁ డడిగినాఁడు, రెండవవాఁడు విని యొప్పుకొన్నాఁడు, అడిగినవానికిఁ జతుర్థి వచ్చినది. అనఁగా ప్రతిశ్రవమునకు ముందు యాచన ముండవలెను. వినుట లేనిది ప్రతిశ్రవము లేదు. శల్యుఁ డేమి విని యొప్పుకొనెను? వరమిచ్చునప్పుడు దుర్యోధనుఁ డేమియు నడుగలేదు. అడుగకమున్నే, ఏమడుగునో తెలియకమున్నే, ఇత్తునన్నాఁడు. ఇది వినకయే యొప్పుకొనుట. శబ్దశాస్త్రమున నిది యసంపూర్ణమైన ప్రతిశ్రవము. కోరిక వినిన తరువాతఁ బలికిన యొప్పుదలయే సంపూర్ణమైన ప్రతిశ్రవము. కావున శల్యునకు రెండుమాఱులు పలుకు నవకాశము గలిగినది. మొదటిమాఱు తెలియక పలికెను. రెండవమాఱు కోరిక స్పష్టముగా వినిన తరువాత నట్లే యని పలికెను. అప్పుడే కాదనుట కెడమున్నది.

ఉన్నదని నేను చెప్పుట గాదు, ధర్మశాస్త్రములు చెప్పుచున్నవి. నారదస్మృతి దత్తాప్రదానికప్రకరణమున నిచ్చినను ఈయనట్లే యగు దానములను 16 విధములుగాఁ బరిగణించినది. భయమునను గ్రోధమునను శోకమునను ఇచ్చినది, పరిహాసమున నిచ్చినది, ఒకటి యనుకొని మఱియొకటి యిచ్చినది, ఛలముచేఁ గొనఁబడినది, మత్తుఁ డిచ్చినది, అపాత్రుని పాత్రుఁ డనఁగా నిచ్చినది, అధర్మముతోఁ గూడిన పనికై తెలియక యిచ్చినది మొదలగున వందుఁ గలవు. మనువు ఎనిమిదవ యధ్యాయమునఁ గపటము గనఁబడిన క్రయదానప్రతిగ్రహముల నెల్ల మరలింపుమని రాజునకు విధించెను. గౌతముఁడు తన ధర్మసూత్రములందు, మాట యిచ్చియు నధర్మసంయుక్తునకు నీయరాదని స్పష్టముగాఁ జెప్పెను. యాజ్ఞవల్క్యుఁడు ప్రతిశ్రుతమును దప్పక యీయవలె నన్నాఁడు. విజ్ఞానేశ్వరుఁడు మితాక్షరయందు గౌతమవచనముచే దానికి హద్దు గట్టినాఁడు. ఈ మితాక్షరను దెనుఁగున విజ్ఞానేశ్వరీయముగా రచించిన మూలఘటిక కేతన, దశకుమారచరిత్రమును దిక్కనసోమయాజి కంకిత మిచ్చినవాఁడే. విరాటపర్వము మొదలుకొని పదునైదుపర్వములు తెనిఁగించిన కవియు, ధర్మశాస్త్రమును దెనిఁగించిన కవియు నొక్కకాలమున నన్యోన్య మెఱిఁగినవారు. కావ్యమునకును ధర్మనిర్ణయమునకును నెడము లేని కాల మది.

నేఁటి చట్టమును దీనికి దూరముగా లేదు. 1872 నాఁటి భారత ఒడంబడికల చట్టము 19వ సెక్షనున మోసముచేఁ బొందిన సమ్మతిగల యొడంబడికను రద్దుచేసికొను హక్కు మోసపోయినవాని కిచ్చినది; అతఁడు కోరినచో దానిని నిలుపుకొనను వచ్చును. ఎన్నిక మోసపోయినవానిది. 23వ సెక్షను ఉద్దేశము చట్టవిరుద్ధ మైన యొడంబడిక చెల్లనే చెల్లదన్నది. స్మృతికారుల మాటయు, 1872 నాఁటి మాటయు నొక్కటియే: వంచితునకుఁ దలుపు తెఱచియే యున్నది, బయటికిఁ బోవుట పోకుండుట యతని యిచ్చ.

శల్యుఁ డా తలుపున బయటికిఁ బోలేదు. ఎందులకు? అతని స్వభావ మాదిపర్వముననే సూచితమైనది. భీష్ముఁడు పాండురాజునకు మాద్రి నడుగ మద్రపురమునకు వచ్చినపుడు, కన్యాశుల్కము గొనుట తమ వంశాచారమనియు, అది మంచి యైనను జెడ్డ యైనను దానిని దాఁటఁజాల ననియు శల్యుఁ డభిమానపడుచునే చెప్పెను. మంచిచెడ్డల విచారించునంత బుద్ధి యతనికిఁ గలదు. విచారించి దాఁటునంత ధైర్యము లేదు. ఉద్యోగపర్వమున మాట యిచ్చినవాఁ డాదిపర్వమున శుల్కము గొన్నవాఁడే. కట్టుబాటు తనదైనఁ జాలును, అది యేవంకకు లాగుచున్నదో చూడఁడు. ఉప్పు తిన్నయింటి కెగ్గు చేయరాదను లోకనీతియు నతనిఁ గట్టివేసియుండును. విందు గుడిచి విడిదిలో విశ్రమించి, తరువాత నాతిథ్య మిచ్చినవానిని గాదనుట క్షత్రియునకు సులభము గాదు. ఈ సంకోచమును మనము తేలికగాఁ జూడరాదు. తెలియక యొకరి యుపకారమునకు లోఁబడి, పిదప వారి తప్పునకుఁ దోడుగా నిలువవలసివచ్చిన వారు ప్రతిగ్రామమునను గలరు. వారందఱును జెప్పునది, మాట యిచ్చితిమి గదా యన్నదే.

ఇంతవఱకు శల్యుని దోషము చిన్నది. చెల్లనిమాటను జెల్లించెదననుట యవివేకమే కాని, యసత్యము గాదు. అసలు దోషము ధర్మరాజు సన్నిధిని బుట్టినది. తలుపు తెఱచియుండఁగా బయటికిఁ బోక లోపల నిలిచినవాఁడు, ఇఁక నా యింటివాఁడే. వంచితుఁడనన్న సమాధానము అంతటితోఁ దీఱిపోయినది. చట్టమున నైనను ధర్మమున నైనను తెలిసి నిలుపుకొన్న యొడంబడికను బూర్తిగా నిలుపుకొనవలెను గాని, సగము నిలుపుకొని సగము వంచకునిమీఁదఁ గక్ష తీర్చుకొనుటకు వాడుకొనరాదు. తేజోవధ యను సమాసమునే చూడుఁడు. తేజముయొక్క వధ. శరీరము నంటక, పక్కనే కూర్చుండి, మనస్సులోని దీపము నార్పుట. ఆ పని సారథిస్థానమునఁ గూర్చుండియే చేయవలెను. అనఁగా మొదటివాగ్దానము చెల్లించిననే కాని రెండవవాగ్దానము చెల్లదు. మొదటిమాట రెండవమాటకుఁ బనిముట్టయ్యెను. ధర్మరాజును దీని నెఱుఁగును. ఇది చేయరాని పని యైనను జేయుమని యతఁడే వేఁడుకొనెను. అకర్తవ్యమని యడుగువాఁ డొప్పుకొన్నపని కియ్యకొనువాఁడు తాను వంచితుఁడ ననుటకు వీలులేదు.

ఇందొక సూక్ష్మము గలదు. శల్యుఁడు మొదటి వాగ్దానమును ధర్మరాజునకు దాఁపక చెప్పెను. రెండవదానిని దుర్యోధనునకుఁ జెప్పలేదు. ఒకవంక తెఱచిన పుస్తకము, ఒకవంక మూసిన పుస్తకము. రెండుమాటలకు విరోధ మున్నదని యతని యంతరంగమునకుఁ దెలియునన్న దానికి నీ దాఁపఱికమే సాక్షి. విరోధము లేదని నమ్మినవాఁడు రెండుచోట్లను జెప్పును. లేదా రెండుచోట్లను జెప్పఁడు.

కవి యేమి తలఁచెను? దాని నతఁడు వాక్యరూపమునఁ జెప్పక కథారూపమునఁ జెప్పినాఁడు. రెండవమాట యిచ్చిన వెంటనే శల్యుఁడు ధర్మరాజు నోదార్చుట కింద్రుని కథ చెప్పును. ఇంద్రునంతటివాఁడే కష్టముల ననుభవించి మరల రాజ్యము వడసెను, నీవును వడయుదువన్నది కథాప్రయోజనముగాఁ గనఁబడును. కాని యీ కథలో నున్న దేమి? ఋషులు నడుమ నిలిచి యింద్రవృత్రులకు సంధి చేసిరి. తడిదానిచేతఁ గాని పొడిదానిచేతఁ గాని, ఱాతిచేతఁ గాని కొయ్యచేతఁ గాని, శస్త్రముచేతఁ గాని వజ్రముచేతఁ గాని, పగలు గాని రాత్రి గాని తన్నుఁ జంపరాదని వృత్రుఁడు కోరెను. ఇంద్రుఁ డొప్పుకొనెను. పిదప సంధ్యవేళ సముద్రతీరమున నురుగును జూచి, అది తడియుఁ గాదు పొడియుఁ గాదని, వజ్రముతోఁ గూర్చి విసరి వృత్రునిఁ జంపెను. విష్ణువా నురుగునఁ బ్రవేశించెను. సంధిలోని యక్షర మొక్కటియుఁ దప్పలేదన్నట్లే యున్నది. ఐనను ఇంద్రుఁ డసత్యముచేతఁ గ్రుంగిపోయెననియు, త్రిశిరుని జంపిన బ్రహ్మహత్య యంతకుమున్నే యతనిఁ బట్టియున్నదనియు, నతఁడు లోకముల చివర జలములలో దాఁగెననియు గ్రంథము చెప్పుచున్నది. అసత్యము! అక్షరము తప్పనివాని కసత్యదోష మెక్కడిది? అక్షరమునకు లోపల నున్న విశ్వాసము తప్పినందుననే.

అక్షరమున నిలుపుకొని యర్థమున విడిచినవాని కథను, అట్టిపని కప్పుడే యియ్యకొన్నవాని నోటఁ జెప్పించుట యాదృచ్ఛిక మనుకొనరాదు. శల్యుఁడు తన భవిష్యత్తును దాఁ దెలియకయే చదివినాఁడు. ధర్మరాజును దానిని వినినాఁడు. ఈ యుపాఖ్యాన మిక్కడ నతుకువంటిదని విమర్శింపవచ్చును. అతుకైనను గావచ్చును, అతికినవాని కన్నులు మాత్రము మూసికొనియుండలేదు.

ఇందు కొక యాక్షేపము గలదు. కర్ణుఁడును దుర్యోధనున కెఱుకపఱుపక కుంతికి మాట యిచ్చెను గదా. అర్జునుఁడు దక్క దక్కినవారిని జంపనన్నాఁడు గదా. అతనిని నిందింపక శల్యుని నిందింపనేల? నిజమే, కర్ణుని మాటయును దుర్యోధనుని పక్షమునకుఁ గొంత లోపము చేసినది. ఐనను భేద మున్నది. కర్ణుఁడు తాను చేయు పనికి హద్దు పెట్టుకొనెను. ఎదుటి పక్షమున కాయుధము గాలేదు. పైఁగా దుర్యోధనుఁ డన్నిఁటికంటె నెక్కువగాఁ గోరిన యర్జునవధ యను కార్యమును విడువలేదు. శల్యుఁడు తన నాయకునిపనినే వెలితిచేయ నొప్పుకొన్నాఁడు. వేతనమునకు హద్దు పెట్టుకొన్న కాపరికిని, గొఱ్ఱెలను దొంగకుఁ జూపు కాపరికిని గల భేద మిది.

వేఱుదారి లేకపోయెనా యని మఱియొక ప్రశ్న. ఉన్నదని భీష్మపర్వము చూపుచున్నది. యుద్ధారంభమున ధర్మరాజు భీష్మద్రోణకృపశల్యులకు నమస్కరించి యనుమతి గైకొనెను. శల్యుని కడ నా తేజోవధవాగ్దానమునే మరలఁ బ్రార్థించెను. ఆ వెంటనే రెండుసేనల నడుమ నిలిచి, తమ పక్షమునకు వచ్చువాఁ డెవ్వఁడైన రావచ్చునని చాటెను. ధృతరాష్ట్రుని కొడుకగు యుయుత్సుఁ డందఱును జూచుచుండఁగా నీవలికి వచ్చెను. శల్యుఁడా పిలుపు విననే వినెను. పుట్టుకచేతను అన్నముచేతను గౌరవులకుఁ గట్టుపడిన యుయుత్సుఁడు పగటివెలుఁగునఁ బోఁగలిగెను. ఒక్క విందుచేఁ గట్టుపడిన శల్యుఁడు పోలేకపోయెను. బాహాటముగా విడుచుటకు సిగ్గు. లోలోపల విడుచుటకు సిగ్గు లేదు. ఇదియే దుర్బలుల సత్యము.

ఐనను గవి శల్యునియందు నిర్దయుఁడు గాఁడు. కర్ణపర్వమున సూతపుత్రునకు సారథ్యము చేయుమన్నపు డతఁడు మండిపడెను. దుర్యోధనుఁ డతనిఁ గృష్ణునకంటె నెక్కుడని పొగడెను. బ్రహ్మ రుద్రునకు సారథియైన త్రిపురసంహారకథను జెప్పెను. శల్యుఁ డొప్పుకొనుచు, కర్ణుని యెదుట నా యిచ్చవచ్చినట్లు మాటలాడుదునని యొక నియమము పెట్టెను. దుర్యోధనుఁడును గర్ణుఁడును సమ్మతించిరి. దాఁచినమాటలో సగమైన నిట్లు బయటఁ బెట్టినాఁడు. కాకహంసల కథ చెప్పి కర్ణుని నవమానించినది యీ నియమముచాటుననే. కాని కర్ణుఁడు సర్పముఖబాణమును సంధించినపుడు, ఈ యమ్ము మెడకుఁ దగులదు, మరలఁ జూచి సంధింపుమని చెప్పినవాఁడును శల్యుఁడే. కర్ణుఁడు రెండుమాఱులు సంధింపనని వినలేదు. కృష్ణుఁడు రథమును నేలకుఁ గ్రుంగఁద్రొక్కెను. బాణ మర్జునుని కిరీటమును దాఁకెను. ఆ క్షణమున శల్యుఁడు సారథి, మఱియేమియుఁ గాఁడు. చేయ నొప్పుకొన్న వధను మఱచి, చేతనున్న పనిని సరిగాఁ జేసినాఁడు. కపటి యనువారీ ఘట్టమునకు సమాధానము చెప్పవలెను.

కడపటి మాట శల్యపర్వముననున్నది. దుర్యోధనుఁడు విడిదిసభలో నడిగినది సర్వసేనానాయకత్వము. ఆ కోరిక పదునేడు దినములవఱకు నెఱవేఱలేదు; భీష్ముఁడు, ద్రోణుఁడు, కర్ణుఁడు సేనాపతులై పడిన పిదపఁ బదునెనిమిదవనాఁ డశ్వత్థామ మాటచే శల్యుఁ డభిషిక్తుఁ డయ్యెను. అప్పటికిఁ గర్ణుఁడు లేఁడు, రెండవవాగ్దానము తీఱిపోయినది. మిగిలినది మొదటిదొక్కటియే. ఆనాఁడు శల్యుఁడు లోపము లేకుండఁ బోరాడెను. అతనిఁ జంపినవాఁడు ధర్మరాజే యగుట మఱియొక విశేషము. చేయరానిపనిని జేయుమని యడిగినవాని చేతనే, చేసినవాఁడు పడెను. ఇది దండన మనుటకంటె ఋణవిమోచన మనుట యుచితము. తన మాట నెట్టకేలకుఁ బూర్తిగా నిలుపుకొనుటకుఁ గవి శల్యున కొక్కదినమిచ్చినాఁడు. ఆ దినమే యతని ప్రాణమునకు వెల.

కావున సిద్ధాంత మిట్లు. వంచనచేఁ గొనఁబడి యధర్మమునకుఁ దోడ్పడు వాగ్దానమును జెల్లింపనక్కఱలేదు. చెల్లింపకుండుట యసత్యము గాదు. కాని విడుచుట పగటివెలుఁగున విడువవలెను. ఎవరికి మాట యిచ్చెనో వాని ముఖమునఁ జెప్పి విడువవలెను. వంచకునకు సత్యమునందు హక్కు లేకపోవచ్చును గాని, వంచితునకు వంచనయందు హక్కు రాదు. విడువనివాఁడు పూర్తిగా నిలువవలెను. ఈ రెంటికి నడుమ సందులేదు. ఆ లేని సందునఁ దలదాఁచుకొన నెంచినవాఁడు శల్యుఁడు. అతనిని జూచి నవ్వుటకు ముందు, మాట యిచ్చితిమి గదా యని మన మెన్నిమాఱులు సగము నిలిచితిమో లెక్కించుకొనుట మేలు. ఇది నాకుఁ దోఁచినది. పండితులు గుణదోషముల విచారింతురు గాక.